పాటకు ముందు చాచా గొంతు

శుక్రవారం నమాజు వేళ దాటాక ఫోన్ వచ్చింది. నేను పొలంలో అల్లం తవ్విస్తున్నాను, చేతినిండా మట్టి. ఫోన్ చేసింది మేమంతా చాచా అని పిలుచుకునే రికార్డింగ్ షాపాయన కొడుకు, జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "అంకుల్, అబ్బా పోయిన్రు" అన్నాడు. చేతులు కడుక్కోకుండానే బండి తీశాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఈ భూమ్మీద నా పాటను నాకంటే ఎక్కువసార్లు విన్న మనిషి పోయాడు. ఆ పాటను నన్ను అడక్కుండా, నాకు చెప్పకుండా, ఊరూరా పంచిపెట్టిన మనిషి కూడా ఆయనే.

నేను ఆయన గురించి రాస్తున్నానని తెలిస్తే మా ఊళ్లో నవ్వేవాళ్లున్నారు. "నీ క్యాసెట్ ముంచినోని మీదనే రాస్తున్నవా?" అని అడుగుతారు. అవును, ఆయన మీదే రాస్తున్నాను. కోపం ఎక్కువున్నవాణ్ణని నన్ను అందరూ అంటారు, నిజమే. ముప్ఫై ఏళ్లు ఒకే మనిషి మీద కోపం నిలుపుకోవాలని చూసి ఓడిపోయినవాణ్ణి కూడా. ఇందులో ఆయన పేరు ఉండదు. ఎందుకుండదో ముందుకు పోతే మీకే తెలుస్తుంది.

చాచాది జహీరాబాద్ పాత బస్టాండు ఎదుటి సందులో రికార్డింగ్ షాపు. ఒక పక్క చెప్పుల దుకాణం, ఇంకో పక్క పంక్చర్లు వేసే షెడ్డు, మధ్యలో ఇద్దరు నిలబడితే మూడోవాడు బయటే ఉండాల్సిన గది. రెండేసి అరలున్న టేప్ రికార్డర్లు మూడు. జనం ఖాళీ క్యాసెట్ తెచ్చి, కావలసిన పాటలు చీటీ మీద రాసిస్తే నింపి ఇచ్చేవాడు. బొంబాయి రోడ్డు మీద పోయే లారీ డ్రైవర్లకైతే చీటీతో పని లేదు. "ఏం లోడు?" అని అడిగేవాడు. అల్లం అంటే ఉరుకులు పెట్టే పాటలు. ఇనుము అంటే నిదానమైనవి. "ఇనుము కుళ్లిపోదు గద, ఎందుకు ఉరుకుడు?" అనేవాడు. డ్రైవర్లు తెలుగువాళ్లు, కన్నడంవాళ్లు, మరాఠీవాళ్లు. ఎవరి భాషలో పాట వాళ్లకు దొరికేది.

ఆయన చెవి గురించి చెప్పకపోతే నేను ఏమీ చెప్పనట్టే. ఒకరోజు ఒకాయన క్యాసెట్ తెచ్చి బల్ల మీద కొట్టి, "గొంతు గీరుకపోతున్నది, గిట్లనేనా నింపేది?" అని గొడవకు దిగాడు. చాచా దాన్ని పెట్టి, వక్క నమిలినంతసేపు విన్నాడు.

"గిది నేను నింపింది కాదు భాయ్. నా కాపీకి ఇంకోడు జేసిన కాపీ. వాడు నింపేటప్పుడు ఇంట్ల మిక్సీ నడిసింది."

వచ్చినాయన నోరు తెరిచాడు. బామ్మర్ది ఇంట్లో నింపించాడట, ఆ పూట వాళ్లింట్లో గారెల పిండి రుబ్బుతున్నారట. నేనూ అక్కడే ఉన్నాను, మళ్లీ పెట్టమని అడిగి విన్నాను. నాకు పాట తప్ప ఏమీ వినిపించలేదు.

ఇక నా సంగతి. జొన్న చేనును పిట్టల నుంచి కాచే మంచె మీద మా అమ్మ పాడుకున్న వరసను పట్టుకుని నేనొక పాట కట్టాను. ఊళ్లో అందరూ మెచ్చుకుంటే తల తిరిగింది. అల్లం బాగా పండిన ఏడాది, ఆ పైకమంతా పట్టుకుని హైదరాబాద్ పోయి క్యాసెట్ చేయించాను. డోలక్ వాయించింది నా చిన్ననాటి దోస్తు. అట్టమీద మా ఇద్దరి ఫోటో. అట్టపెట్టెలు ఇంటికి తెచ్చుకుని, ఇక నేను పొలం ముఖం చూడనని మా ఆవిడతో అన్నాను. ఆమె పెట్టెల మీద పాత చీర కప్పింది.

క్యాసెట్లు అమ్ముడుపోలేదు. నెల తిరిగేసరికి మాత్రం నా పాట జీపుల్లో, ట్రాక్టర్ల మీద, చెరకు బండ్ల దగ్గర వినిపించడం మొదలైంది. నేను అమ్మింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మోగేది ఊరూరా! ఝరాసంగం పోయే జీపు డ్రైవర్ని ఆపి, ఎక్కడిదని అడిగాను. "చాచా తాన నింపిచ్చిన" అన్నాడు. అప్పుడే, ఆ ఎండలోనే, నడుచుకుంటూ షాపుకు పోయాను.

"చాచా, గిది నా పాట. నన్ను అడిగినవా?"

"అడగలె."

"క్యాసెట్ జేసినోళ్లను అడిగినవా?"

"వాళ్లనూ అడగలె. కూసో బేటా, చాయ్ తాగు."

"చాయ్ గీయ్ వద్దు. నా కడుపు కొట్టినవ్ నువ్వు!"

"కొట్టిన" అన్నాడు. అంత నెమ్మదిగా. "ఝూట్ ఎందుకు చెప్పాలె? ఊర్లె ఒక్కడు కొంటె పదిమందికి నింపిస్తున్న. ఆ పదిమంది నీ తాన కొంటుండిరేమో."

తిట్టడానికి పోయినవాడికి ఎదుటివాడు ఒప్పుకుంటే ఇక చేసేదేముంటుంది? నేను నిలబడే ఉన్నాను. ఆయన అడిగాడు: "ఒక్క ముచ్చట చెప్పు. మూడో చరణంల నీ గొంతు జర ఒణికింది. ఎందుకు?"

కూర్చున్నాను. ఆ చరణం పాడుతున్నప్పుడు మా అమ్మ గుర్తుకొచ్చింది. ఆమె పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. హైదరాబాద్‌లో రికార్డింగ్ చేసినాయన గమనించలేదు, డోలక్ దోస్తు గమనించలేదు, ఇంట్లో మా ఆవిడ కూడా గమనించలేదు. ఈయనకెట్ల తెలిసింది? తర్వాత్తర్వాత అర్థమైంది. మిగతా షాపులవాళ్లు మీట నొక్కి బయట ముచ్చట్లలో పడేవాళ్లు. చాచా నింపే ప్రతి కాపీ పక్కన కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా వినేవాడు. "పాటను వదిలి లేస్తె దానికి కోపమొస్తది" అనేవాడు. నా పాటను ఆయన ఎన్ని వందలసార్లు విన్నాడో!

ఆ రోజే ఒక కాపీ పెట్టి వినిపించాడు. నా పాటకు ముందు ఆయన గొంతు ఉంది. "జర ఆగుండ్రి. గిప్పుడొచ్చేది జొన్న చేన్ల కాపలా పాట" అని మొదలుపెట్టి, పాడినవాడు ఫలానా అని నా పేరు, రాయికోడ్ దిక్కు ఫలానా పల్లె అని నా ఊరు, డోలక్ కొట్టినోడు ఫలానా అని దోస్తు పేరు చెప్పాడు. "పెండ్లికి, పండుగకు పిలుస్తె వస్తరు. వచ్చినోళ్లకు కడుపునిండ అన్నం పెట్టుండ్రి" అని ముగించాడు. మా దిక్కు పాడేవాళ్లు ఎవరి పాట నింపినా ముందు ఇట్లాగే చెప్పేవాడట. బుడగ జంగాలు, భజన మండలివాళ్లు, దర్గా దగ్గర పాడే ఫకీరు, అందరి పేర్లూ ఊళ్లూ ఆయన గొంతులో ఉండేవి. తన పేరు మాత్రం ఎక్కడా లేదు. అదెందుకని అడిగితే నవ్వాడు.

"మిఠాయి తినేటోడు పొట్లం కట్టినోని పేరు అడుగుతడా బేటా? నా పేరుతోని పని లేదు."

అందుకే నేను కూడా ఇక్కడ రాయడం లేదు. నా ఇష్టమైతే పెద్దక్షరాల్లో రాసేవాణ్ణి.

"నాకు మేలు జేసిన అంటవా మరి?" అని వెటకారంగా అడిగాను.

"నేననను. పదేండ్లయినంక నువ్వే చెప్పాలె."

ఆ పదేళ్లలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను. పిలుపులు వచ్చాయి. నేను ఎన్నడూ అడుగు పెట్టని ఊళ్ల నుంచి, బీదర్ దిక్కు నుంచి కూడా వచ్చాయి. మొదటి పెళ్లిలోనే నా విస్తరిలో అన్నం గుట్టగా పోశారు. చాలంటే వినరే! "చాచా చెప్పిండు గద, తినాలె" అని ఇంకో గరిటె. అట్లా తిని తిని నా పొట్ట డోలక్‌తో పోటీ పడింది. కడుపు కొట్టావని ఎవరినైతే తిట్టానో ఆయన మాట మీదే నా కడుపు నిండింది.

అయితే ఇది ఒక పక్క. నా అట్టపెట్టెలు కదల్లేదు. రెండో క్యాసెట్ చేద్దామని పోతే హైదరాబాద్‌లో మొదటిది చేసినాయన "మీ దిక్కు అన్నీ కాపీలే, ఎవరు కొంటారు?" అని తలుపు దగ్గర్నుంచే పంపించాడు. నా దగ్గర అప్పటికి ఇంకో ఎనిమిది పాటలున్నాయి, అవి ఏ క్యాసెట్లోకీ ఎక్కలేదు. ఇక నా డోలక్ దోస్తు. పిలిచేవాళ్లు నన్ను పిలిచేవారు. డోలక్ వాళ్ల ఊళ్లోనే ఉండేది. పేరు చెప్పినా సరే, డోలక్ కోసం దూరం నుంచి మనిషిని ఎవరు పిలుస్తారు? వాడికి రికార్డింగులే ఆధారం, అవే ఆగిపోయాయి. ఒకరోజు అల్లం కడిగే దగ్గర కూలికి కనబడ్డాడు. "నీకు చాచా దేవుడు. నాకు కాదు" అన్నాడు. వాడన్నది తప్పని నేను ఇప్పటికీ అనలేను.

ఇదంతా పదేళ్లయ్యాక చాచాకు చెప్పాను. దోస్తు మాట కూడా దాచలేదు. "వాడు చెప్పింది సచ్" అన్నాడు. మేలు, కీడు రెండూ కనిపిస్తున్నాయి, లెక్క మాత్రం తేలడం లేదన్నాను.

"తేలకుంటెనే మంచిది. తేలిన్నాడు మనిద్దరం మాట్లాడుకునుడు బంద్ అయితది."

తర్వాత ఫోన్లొచ్చాయి. మెమరీ కార్డులో వేల పాటలు నింపే కుర్రాళ్లు బస్టాండు చుట్టూ వెలిశారు. చాచా షాపు మూతపడింది. టేపులన్నీ ఇంటి అటక మీదికి ఎక్కించాడు. ఒక వానాకాలం రేకులు కారి అవి మొత్తం తడిసి అంటుకుపోయాయి. దానికి ఆయన పెద్దగా బాధపడలేదు. "జనం తాన ఉన్నయి గద, ఫికర్ ఎందుకు?" అన్నాడు. ఆ ధీమా చూసి నాకు కడుపు మండింది, ముచ్చటా వేసింది.

ఆయన కోపం నేను చూసింది ఒక్కసారే. ఫోన్ల దుకాణంలో నా పాట మోగుతుంటే ఇద్దరం ఆగాం. పాట నేరుగా డోలక్‌తో మొదలైంది, ముందు మాటలు లేవు. అడిగితే కుర్రాడు, "పాట ముందట ముచ్చట ఎవడింటడు చాచా? కట్ చేసినం" అన్నాడు. ఫోన్ తెర మీద పాట పేరుండాల్సిన చోట ఏదో నంబరుంది. చాచా ఆ కుర్రాడి చేయి పట్టుకున్నాడు.

"పాట తీస్కపో. దునియాకు పంచు. నేనూ గదే జేసిన, నిన్నేమంట? గని పేరు గుంజుకోకు బిడ్డా. పేరు దప్ప వాళ్ల తాన ఏమున్నది?"

ఆ తర్వాత కొన్నాళ్లు ఒక్కో దుకాణానికీ పోయి, ఏ పాట ఎవరిదో చెబుతూ తిరిగాడు. కొందరు రాసుకున్నారు. కొందరు చాయ్ తాగించి పంపారు. నేను వెంట పోలేదు. నా పేరు కోసం ఆయన తిరుగుతుంటే నేను ఇంట్లో కూర్చున్నాను, అప్పుడది నాకు చిన్నతనంగా అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

రెండేళ్ల కింద ఆయన గొంతులో గడ్డ లేచింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపారు. మాట పోయింది. చూడటానికి పోయినప్పుడల్లా పాడమని చేత్తో సైగ చేసేవాడు. పాడేవాణ్ణి. మూడో చరణం దగ్గరికి రాగానే వేలెత్తేవాడు, ఆ ఒణుకు ఇంకా అక్కడే ఉందా అన్నట్టు. ఆ వేలు చూస్తూ పాట పూర్తిచేయడమంత కష్టం నాకు ఏ పెళ్లిపందిట్లోనూ కాలేదు.

మట్టిచ్చి వచ్చిన మూడో రోజు, ఇంటి లోపలి గది పరదా వెనక నుంచి చాచీ నన్ను పిలిచింది.

"బేటా, ఒక్కపారి ఆయన మాట ఇనాలె. రెండేండ్లాయె ఇనక. గొంతు ఎట్లుంటుండెనో మరిచిపోతున్న. నీ తాన టేపులుంటయి గద?"

అంతకుముందే కొడుకు అన్నీ వెతికాడు. పెళ్లి వీడియోల్లో చాచా కనిపిస్తాడు, పెదవులు కదులుతాయి, కానీ వాటిమీద సినిమా పాటలు పెట్టేశారు. జీవితమంతా అందరి గొంతులూ నింపిన మనిషి గొంతు ఆ ఇంట్లో ఎక్కడా లేదు.

ఉంటాయి చాచీ అని గొప్పగా చెప్పి ఇంటికొచ్చాను. చీర తీసి, పెట్టెలు దింపి, మూత విప్పాక అప్పుడు తట్టింది. ఇవి నా క్యాసెట్లు, అసలువి. వీటిలో చాచా గొంతు ఎందుకుంటుంది? ఆయన గొంతున్నవి దొంగ కాపీలు. మా ఇంట్లో ఒక్క దొంగ కాపీ కూడా అడుగు పెట్టలేదని నేను ముప్ఫై ఏళ్లు పదిమందిలో చెప్పుకుని తిరిగాను. ఆయన ప్రేమగా ఇవ్వబోయినా తీసుకోలేదు. ఆ పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను. ఇంతటి మొనగాణ్ణి నేను.

చాచా కొడుకూ నేనూ కలిసి ఫోన్లలో అందరికీ కబురు పెట్టాం. చాచా నింపిన పాటలు ఎవరి దగ్గరున్నా పంపండి, పాటకు ముందు ఆయన మాటలుండాలి, ఫోన్లో పంపలేనివాళ్లు ఫలానా ఇంటికి తెచ్చివ్వండి అని. వచ్చిపడ్డాయి! రాయికోడ్ నుంచి, ఝరాసంగం నుంచి, బీదర్ నుంచి, బతుకుతెరువుకు బొంబాయి పోయినవాళ్ల నుంచి కూడా. నా పాట ఇన్ని చేతుల్లో ఉందని నాకు తెలియదు. ఒక్కొక్కటీ తెరిచి చూశాం. నాదైనా వేరేవాళ్లదైనా, ప్రతిదీ నేరుగా పాటతోనే మొదలైంది. అందరి దగ్గరా ఉన్నవి ఫోన్ల దుకాణాల్లో కత్తిరించిన కాపీలే. పాత క్యాసెట్లు దాచుకున్న ఇద్దరు ముగ్గురివి బూజు పట్టి తిరగనే లేదు. చాచీకి ఏం చెప్పాలో తెలియక రెండు వారాలు ఆ ఇంటి దిక్కు పోలేదు.

మొన్న బుధవారం ధైర్యం చేసి పోయాను. ముందు గదిలో నేనూ కొడుకూ కూర్చుని ఉన్నాం. వాకిట్లో షేర్ ఆటో ఆగింది. నలుగురు ఆడవాళ్లు దిగారు. ఝరాసంగం అవతలి ఊరివాళ్లు, కూలికి పోయేవాళ్లు. అందరిలోకి పెద్దామె కొంగు సర్దుకుంటూ అడిగింది.

"పాట ముందట మాటలు పంపుమన్నరంట గద సార్. మా పిల్లగాడు సదివి చెప్పిండు. ఫోన్ల పంపుడు మాకు తెల్వది. మా నోట్ల ఉన్నయి, అందుకే మేమే వచ్చినం."

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచి చెప్పింది. వాళ్లు పనిచేసే చేను ఆసామి ట్రాక్టర్లో ఆ క్యాసెట్ ఉండేదట. కలుపు తీస్తూ రోజూ విని నేర్చుకున్నారు. క్యాసెట్ పోయింది, ట్రాక్టరూ పోయింది, పాట నిలిచింది. కొత్తగా వచ్చిన కోడళ్లకు అత్తలు నేర్పారు.

"మొదటి మాటలు గూడనా?" అన్నాను.

"గదేంది సార్? పాట గక్కడి నుంచే మొదలైతది గద."

చాచీ ఇద్దత్‌లో ఉంది, భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల ఎదుటికి రాదు. నేను ముందు గదిలోనే ఉండిపోయాను, కొడుకు నాకు తోడున్నాడు. వాళ్లు పరదా ఎత్తి లోపలికి పోయారు. కాసేపు పరామర్శలు, ఏడుపులు. తర్వాత పెద్దామె గొంతు వినిపించింది. చావు జరిగిన ఇంట్లో పాడకూడదని వాళ్లకు తెలుసు, పాట జోలికి పోలేదు. ముందు మాటలు మాత్రమే చెప్పింది.

"జర ఆగుండ్రి..."

ఆడగొంతే. కానీ ఆ నిదానం ఆయనది. మాటకూ మాటకూ మధ్య ఆగడం ఆయనది. నా పేరు దగ్గర కొంచెం సాగదీయడం ఆయనదే. నా దోస్తు పేరుకు ముందు చిన్న దగ్గు. నేనే మరిచిపోయిన దగ్గు అది, చాచా బీడీ దగ్గు. నింపేటప్పుడు వచ్చింది, తీసేయలేదు. అదీ పాటలో భాగమేననుకుని, కలుపు తీసే ఆడవాళ్లు ఇన్నేళ్లుగా తప్పకుండా అక్కడ దగ్గుతున్నారు. చాచా కొడుకు లేచి గోడకు మొహం పెట్టుకుని నిలబడ్డాడు.

లోపల చాచీ అంది.

"హౌ. గట్లనే అంటుండె. మల్ల చెప్పు."

మళ్లీ చెప్పింది. మూడోసారీ చెప్పింది. నాలుగోసారి చాచీ ఆపింది.

"నాకు నేర్పుండ్రి."

పెద్దామె ఒక్కో మాట చెబుతుంటే చాచీ వెనకే పలుకుతోంది. తెలుగు మాటల దగ్గర తడబడితే ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకుంటోంది. నా పేరు, నా ఊరు, నా దోస్తు పేరు పరదా అవతల మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి. దగ్గు దగ్గరికి రాగానే చాచీకి నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. వాళ్లు ఆగారు. ఆమె కళ్లు తుడుచుకున్నట్టుంది, గొంతు సవరించుకుని ఒక్కతే, ఎవరి సాయమూ లేకుండా, చివరి మాట దాకా వచ్చింది.

"వచ్చినోళ్లకు కడుపునిండ అన్నం పెట్టుండ్రి."